సందు చివర వెడల్పెంత

అదే కదా మీరూ అంటారు, ఉన్న సందు పటంలో ఎందుకుండదని. మేమూ అదే అడిగాం. నీళ్ల ఆఫీసు గోడ మీది పటంలో మా సందు సగంలోనే ఆగిపోయింది. ఆ తర్వాత అంతా ఖాళీ జాగానట. మరి ఆ ఖాళీ జాగాలో కాపురాలు చేస్తున్న మేమంతా ఎవరం? ట్యాంకరు డ్రైవరు ఆ పటాన్నే నమ్మి సందు మొగలో ఆగిపోతాడు. మేం బిందెలు మోసుకుంటాం.

మోసీ మోసీ విసిగిపోయి మా తోటికోడలు ఆఫీసుకి వెళ్లింది. నేను అక్కా అని పిలుస్తాను. ఆవిడ టైలరు. మా ఇంట్లో బొత్తాం ఊడినా, ఎవరికి ఎవరితో చెడినా ఆవిడ దగ్గరికే రావాలి. సందు పటం గీసి తెస్తే సరిచేస్తామన్నారట. ట్యాంకరు తిరగడానికి చివర ఎంత వెడల్పుందో కూడా రాయాలట. కాగితం మీద కొలతలు వేసి బట్ట కత్తిరించే మనిషికి ఇదో లెక్కా? పది అడుగులకి ఒక అంగుళం చొప్పున సందునంతా కాగితం మీదకి దించడం మొదలుపెట్టింది. తల ప్రాణం తోకకి తెచ్చింది మాత్రం జనమే.

ఇస్త్రీ అతను తన బండిని ఇళ్లకన్నా పెద్దగా గీయమన్నాడు. అందరూ దారి చెప్పేది తన బండి గుర్తుతోనే కదా అని వాదన. ఎదురింటి కండక్టరుగారిని వాళ్లింటి నుంచి మొగ దాకా ఎంతుంటుందని అడిగితే, అర స్టాపుంటుందన్నారు.

అత్తయ్య వీళ్లని మించిపోయింది. చివరిల్లు ఆవిడ సొంత చెల్లెలిది. ఇద్దరికీ మాటల్లేక ఏళ్లయింది. దేనికి పోట్లాడుకున్నారో వాళ్లకైనా గుర్తుందో లేదో.

"ఆ ఇల్లు తప్ప అన్నీ వెయ్యి," అంది.

"ట్యాంకరు తిరగాల్సింది ఆ ఇంటి ముందే అత్తయ్యా. అది లేకపోతే నీళ్లూ లేవు."

"అయితే చిన్నగా వెయ్యి."

నవ్వాలో ఏడవాలో తెలియక మా అక్క టేపు పట్టుకుని వెళ్లింది. వెంట నేనూ వెళ్లాను. చిన్నత్తయ్య గుమ్మంలోంచే ఆపేసింది.

"టేపు రెండో కొస మీ అత్త వచ్చి పట్టుకోవాలి. అప్పుడే కొలవనిస్తా."

నేను పట్టుకుంటానంటే ఒప్పుకోలేదు. ఇంటికొచ్చి చెబితే అత్తయ్యకి మోకాళ్ల నొప్పులట. బజారుకి పోయేటప్పుడు కనబడని నొప్పులు. ఇటు మాట అటు, అటు మాట ఇటు మోసి మా అక్క కాళ్లరిగిపోయాయి. కుట్టాల్సిన జాకెట్లు గుట్ట పడ్డాయి. ఏదో ఒక అంకె రాసి పారేయమని మా ఆయన సలహా ఇచ్చాడు.

"జాకెట్ బిగుతైతే కుట్లు విప్పుకోవచ్చు మరిదీ. ట్యాంకరు ఇరుక్కుంటే ఏం విప్పుతావు? ఆ డ్రైవరు మళ్లీ జన్మలో రాడు."

ఇవాళ పొద్దున్న ఏమనిపించిందో, అత్తయ్య తనంతట తనే చెప్పులేసుకుంది. మా అక్క పటం చుట్టి చంకలో పెట్టుకుంది, కొలత రాసేసి అటునుంచటే ఆఫీసులో ఇచ్చేద్దామని. నాలుగిళ్లు దాటారో లేదో, అత్తయ్య ఎవరింటి మెట్టు మీదో చతికిలబడింది.

"ఇంత దూరం నేనొచ్చానుగా. ఆ మిగతాది తనని రమ్మను."

చిన్నత్తయ్య గుమ్మం దిగలేదు. మధ్యలో మా అక్క, చంకలో పటం. అందులో సందు చివరి మూల ఇంకా ఖాళీగానే ఉంది.