ఊరెళ్ళేటప్పటి బట్టలు

పొద్దున పది గంటలకు మా బ్లాకు కింద కరుంగుని వాడి బూర మోగింది. పాత పేపర్లు, పాత బట్టలు, పాడైపోయిన రేడియోలు తోపుడు బండిలో వేసుకుపోయే వాళ్ళను ఇక్కడ సింగపూర్‌లో అలా పిలుస్తారు. ఇప్పుడు మేముండే పాసిర్ రిస్‌లో వాళ్ళు నెలకొకసారి కనబడితే గొప్ప. రబ్బరు ఉండను నొక్కితే వచ్చే ఆ పాం పాం చప్పుడుకి నా చేతిలో ఇస్త్రీ పెట్టె ఆగిపోయింది. అందులోనూ డిసెంబరు. ఈ నెలలో ఆ బూర వింటే నాకు ముందు చిరాకు వస్తుంది, ఆ వెనకే సూరమ్మ ఆంటీ గుర్తుకొస్తుంది. పోయినవాళ్ళను తలుచుకుంటే అందరికీ కళ్ళు చెమరుస్తాయట. నాకు మాత్రం ఆవిడతో పోట్లాట ఎక్కడ ఆపామో అక్కణ్ణించి మళ్ళీ మొదలుపెట్టాలనిపిస్తుంది.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ మొరాయిస్తాయని లోకమంతా బెంబేలెత్తిన రోజుల్లో నేను తెనాలి నుంచి సింగపూర్ వచ్చాను. నాలుగు ప్రోగ్రాములు రాయడం వస్తే చాలు, విమానం ఎక్కించేవారు. ఆంగ్ మో కియోలో సూరమ్మ ఆంటీ ఫ్లాటులో ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఆవిడ తాతగారు ఎప్పుడో తెల్లదొరల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటల పనికి వచ్చాడు. ఆవిడ పుట్టింది, పెరిగింది, పెళ్ళాడింది, భర్తను పోగొట్టుకుంది అంతా ఇక్కడే. శ్రీకాకుళాన్ని కంటితో చూడలేదు గాని నాలుక మీద మాత్రం అది చెక్కుచెదరకుండా ఉంది, మధ్య మధ్య అరవమూ మలయ్ కలుపుకుని. బ్లాకు కింద చిన్న కొట్టు పెట్టుకుని బట్టలు బిగించడం, వదులు చేయడం, అంచులు మడిచి కుట్టడం చేసేది. ఆవిడ దాన్ని కడై అనేది. ఒక మిషను, ఒక స్టూలు, ఒక నిలువుటద్దం. ఆ అద్దం ముందు నిలబడ్డవాళ్ళను ఉన్నమాట అనకుండా ఏ రోజూ పంపలేదు.

నేను చేరిన నాలుగో నెలలో డిసెంబరు ఆఖరి ఆదివారం వచ్చింది. కాఫీ తాగుతుంటే తలుపు తట్టి, అడగకుండానే లోపలికొచ్చి, "కబోర్డు తియ్యి పిల్లా" అంది. ఎందుకన్నాను. కొత్త ఏడు వస్తోంది, ఈ ఇంట్లో ఉన్నవాళ్ళందరూ ఉన్న బట్టలన్నీ బయట పెట్టాలట. ఒక్కొక్కటీ ఎత్తి పట్టుకుని వచ్చే ఏడాది అది వేసుకుని ఎక్కడికి వెళతామో చెప్పాలట. చెప్పలేకపోతే ఆ బట్ట కరుంగుని బండెక్కుతుంది. అద్దెకిచ్చేటప్పుడు వంట, స్నానాల వేళలు అన్నీ చెప్పింది గాని ఈ షరతు చెప్పలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా పెద్దావిడ, పైగా ఇంటావిడ. మంచం మీద పరిచాను. ఉన్నవి నాలుగు చుడీదార్లు, కాలేజీలో కొన్నవి. ఉతికి ఉతికి వాటి రంగేమిటో నాకే గుర్తులేదు.

"ఏటిది? ఇదేసుకుని ఎక్కడికెళ్తావు?"

"ఆఫీసుకి ఆంటీ."

"మరిది?"

"అదీ ఆఫీసుకే."

ఆవిడ చూపు మంచం కిందికి పోయింది. "ఆ పెట్టిలో ఏటున్నాయి?"

"ఊరెళ్ళేటప్పటి బట్టలు."

ఈ మాట మన వాళ్ళకు విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ రోజుల్లో ఇక్కడికొచ్చిన మా అందరి మంచాల కిందా అలాంటి పెట్టె ఒకటి ఉండేది. సేల్ పెట్టినప్పుడల్లా చొక్కాలూ ప్యాంట్లూ కొని, ధర చీటీ కూడా తెంపకుండా అందులో పెట్టేవాళ్ళం. దేశం వెళ్ళినప్పుడు వేసుకోవాలి, నలుగురూ చూడాలి. ఇక్కడ రోజూ వేసుకోవడానికి దేశం నుంచి తెచ్చుకున్న పాతవి ఉన్నాయి కదా. ఆ మాటే ఆవిడతో అన్నాను, ఇక్కడ మనల్ని ఎవరు చూస్తారు అని.

"నేను చూస్తన్నాను గదా" అంది సూరమ్మ ఆంటీ. "పొద్దున్నే లేస్తే నీ మొగమే, ఆ ఎలిసిపోయిన చున్నీయే."

ఆ ఏడు పెట్టె తాళం చెవి మాత్రం ఇవ్వలేదు. మూడు రోజులు మూతి ముడుచుకుని తిరిగింది. ఆవిడ వండిన చారు కూడా ఆ మూడు రోజులూ ముభావంగానే ఉంది. నేనూ దిగిరాలేదు.

తరువాతి వేసవిలో ఆ పెట్టె మోసుకుని తెనాలి వెళ్ళాను. పదిహేను రోజులు పూటకొకటి మార్చాను. అందరూ బాగున్నావన్నారు. తిరిగొచ్చే ముందు రోజు మా అమ్మ వాటన్నిటినీ ఉతికించి, మడతలు పెట్టి, కలరా ఉండలు వేసి తన బీరువాలో సర్దేసింది. "ఇవి ఇక్కడే ఉండనీ, మళ్ళీ వచ్చినప్పుడు వేసుకుందువుగాని. రోజూ అక్కడ వేసి తగలెయ్యడం దేనికి" అంది. నాకు అది ఎంత సబబుగా తోచిందంటే, మరో రెండు పాత చుడీదార్లు పెట్టెలో పెట్టుకుని సింగపూర్ విమానం ఎక్కాను. కొత్త బట్టలు అక్కడ బీరువాలో, పాత బట్టలు ఇక్కడ నా ఒంటి మీద. తిరిగొచ్చిన వారానికే మళ్ళీ సేల్ పెట్టారు, మళ్ళీ పెట్టె నింపడం మొదలుపెట్టాను. సూరమ్మ ఆంటీతో ఈ సంగతి చెబితే తల పట్టుకుని మిషను ముందు కూర్చుండిపోయింది.

ఆఫీసులో నా కష్టం వేరే ఉంది. మా మేనేజరు మిస్టర్ గో చెడ్డవాడు కాదు. పని చెబుతాడు, చేస్తే థాంక్యూ అంటాడు. కానీ క్లయింటు దగ్గరికి వెళ్ళి ఆ పనిని వివరించేది మాత్రం నా తరువాత ఆరు నెలలకు చేరిన ఆండ్రూ. రాసింది నేను, తప్పులు దిద్దింది నేను, బల్ల ముందు నిలబడి చెప్పేది అతను. ఒకసారి క్లయింటు అడిగిన ప్రశ్నకు జవాబు తెలియక గదిలోంచి బయటికొచ్చి, నన్నడిగి తెలుసుకుని మళ్ళీ లోపలికి వెళ్ళి చెప్పాడు. నేను తలుపు బయటే ఉన్నాను. కొత్త ఏడాదిలో ఒక పెద్ద బ్యాంకు పని మొదలవుతుందని, దానికి ముందుండి నడిపేవాళ్ళు కావాలని అందరూ చెప్పుకుంటున్నారు. అది నాకు కావాలి. అన్నం తింటున్నా, రైల్లో నిలబడ్డా అదే ధ్యాస. వెళ్ళి అడగడానికి మాత్రం నోరు రాలేదు.

సరిగ్గా ఆ దిగుల్లో ఉండగా రెండో డిసెంబరు ఆఖరి ఆదివారం వచ్చిపడింది. సూరమ్మ ఆంటీ మంచం మీద కూర్చుని, "బట్టలు తరవాత సూద్దాం. వచ్చే ఏడు నువ్వు జనాలకి ఎలాగ కనబడాలో ముందు ఒక్క మాట చెప్పు" అంది. ఈసారి కొత్తగా ఇదొకటి. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదేననుకున్నాను.

"ఎలాగోలా ఎందుకాంటీ, అసలు కనబడితే చాలు నాకు" అని అరిచాను. ఆఫీసు సంగతంతా, తలుపు బయట నిలబడ్డ రోజుతో సహా, కక్కేశాను. ఏడుపు కూడా వచ్చింది.

ఆవిడ ఓదార్చలేదు. వంగి మంచం కింద నుంచి పెట్టె లాగింది. "ఏడాది దాటిపోనాది నా ఇంటికొచ్చి. నువ్వింకా ఇక్కడికి రానేదు పిల్లా" అంది.

తాళం చెవి ఇచ్చేశాను. నీలం చొక్కా, తెల్ల చొక్కా, బూడిద రంగు ప్యాంట్లు రెండు, ఒక నల్ల కోటు. ధర చీటీలు తెంపి నా ఒళ్ళో పోసింది. నన్ను కిందికి తీసుకెళ్ళి అద్దం ముందు నిలబెట్టి, నోట్లో గుండుసూదులు పెట్టుకునే తిట్లు మొదలుపెట్టింది. భుజం ఇక్కడుంటే కుట్టు అక్కడుందట. తిన్నగా నిలబడడం కూడా రాదట. మూడు రోజుల్లో అన్నీ నా ఒంటికి సరిపోయేలా చేసింది. ఇంతవరకూ బాగానే ఉంది. ఆ నాలుగో రోజు నేను ఆఫీసులో ఉండగా నా పాత చుడీదార్లన్నీ కరుంగుని వాడికి ఇచ్చేసింది. వాటిలో ఒకటి మా అమ్మ తన చేత్తో కుట్టింది. అడిగితే, "మోకాలి కాడ చిరిగిపోనాది గదా" అంది. రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. ఇన్నేళ్ళయినా ఆ ఒక్క పనికి ఆవిణ్ణి క్షమించలేదు, క్షమించే ఉద్దేశమూ లేదు.

కట్టుకోవడానికి పాతవి లేవు కాబట్టి కొత్త ఏడు మొదటి పనిరోజున కొత్తవి వేసుకునే ఆఫీసుకి వెళ్ళాను. లిఫ్టులో ఆండ్రూ నన్ను పైనుంచి కిందిదాకా చూసి గొంతు తగ్గించి, "ఇంటర్వ్యూ ఆ?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఆ రోజుల్లో వారానికొకరు ఉద్యోగం మారేవారు. రోజూ నలిగిన బట్టల్లో వచ్చే మనిషి ఒక పొద్దున ఇస్త్రీ మడతల్లో వస్తే మధ్యాహ్నం ఇంకో కంపెనీలో ఇంటర్వ్యూ ఉన్నట్టే లెక్క. రెండో రోజు తెల్ల చొక్కా. మూడో రోజు నల్ల కోటు. నా దగ్గర వేరే లేవు మరి. మూడో రోజు మిస్టర్ గో గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"ఏ కంపెనీ?" అన్నాడు.

"ఏ కంపెనీ లేదు సార్. ఇవి నా బట్టలే."

"చెప్పొచ్చు లా" అన్నాడు, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే ఆ లాతో. "నేనేం కోప్పడను."

"నిజంగా సార్. పాతవి ఇంట్లో ఆంటీ పారేసింది."

నమ్మలేదు. నేనైనా నమ్మేదాన్ని కాదు. బ్యాంకు పనికి నేనే ముందుండాలని, సోమవారం క్లయింటు దగ్గరికి తనతో రావాలని చెప్పాడు. ఎక్కడికీ వెళ్ళనని మాటివ్వమన్నాడు. ఇచ్చాను.

ఎగిరి గంతెయ్యాల్సింది పోయి మండిపడుతూ ఇంటికొచ్చాను. ఏడాది పైచిలుకు చాకిరీ కనబడలేదు, మూడు రోజుల చొక్కాలు కనబడ్డాయి. అదీ నా గొప్ప చూసి కాదు, నేను పారిపోతానన్న భయంతో. ఇదంతా కొట్టు ముందు నిలబడి ఆవిడ మీద కురిపించాను. ఆవిడ ఎవరిదో ప్యాంటు అంచు మడుస్తూ, దారం పంటితో తెంపింది.

"నీ పని ఆడికి తెలీదేటి? తెలుసు. నువ్వెళ్ళిపోతే ఏటవుతాదో ఇప్పుడు తెలిసింది. సుదా."

సుదా అంటే మలయ్‌లో అయిపోయింది అని. ఏ వాదననైనా ఆవిడ ఆ మాటతో మూసేసేది. ఆవిడ చెప్పింది నిజమేనని నాకు అప్పుడే తెలుసు, ఒప్పుకోవడానికి మాత్రం చాలా కాలం పట్టింది. సోమవారం క్లయింటు ముందు మొదటి ఐదు నిమిషాలు కాగితంలోంచి తల ఎత్తకుండా చదివాను. తరువాత వాళ్ళు ప్రశ్నలడిగారు, నేను చెప్పాను. ఎవరినీ అడగడానికి బయటికి వెళ్ళాల్సిన పని లేకపోయింది. ఆ గంటలో నా బట్టలను ఎవరూ పట్టించుకోలేదు, నేను కూడా.

ఆ తరువాత పెళ్ళయి చోవా చూ కాంగ్‌లో అద్దె ఫ్లాటుకు మారాను. డిసెంబరు ఆఖరి ఆదివారం ఫోను మోగేది. "కబోర్డు తీసేవా?" తీశానాంటీ అనేదాన్ని. ఒక్కోసారి నిజం, ఒక్కోసారి అబద్ధం. అన్నీ చెప్పినా ఒకటి మాత్రం ఆవిడకు చెప్పలేదు. సొంత ఇల్లు తీసుకున్నాక గృహప్రవేశానికి కట్టుకోమని మా అమ్మ వంగపండు రంగు ఉప్పాడ చీర పెట్టింది. ఇల్లు ఈ ఏడు, వచ్చే ఏడు అంటూ జరిగిపోతోంది. చీర విప్పనే లేదు, ఫాల్ కూడా కుట్టించలేదు. కుట్టించాలంటే ఆవిడకే ఇవ్వాలి, ఇస్తే ఊరుకుంటుందా? ఆవిడ మా ఇంటికొచ్చినప్పుడల్లా దాన్ని దుప్పట్ల కిందికి తోసేదాన్ని. అలా ఆరేళ్ళు దాచాను.

చైనీస్ నూతన సంవత్సరం రోజు పొద్దున్నే ఆవిడ కూతురు మాల ఫోను చేసింది. నిద్రలోనే పోయిందట. ఆంగ్ మో కియో చేరేసరికి ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నలుగురు ఉన్నారు. స్నానం చేయించి కొత్త చీర కట్టాలి, తొమ్మిదికి పురోహితుడు వస్తాడు. మాల బీరువా తెరిచింది. అన్నీ కట్టినవే. అన్నిటికీ అంచులు మళ్ళీ కుట్టి ఉన్నాయి. మడత విప్పనిది ఒక్కటి లేదు. అడుగున, పైన, పక్క గదిలో, అన్నిచోట్లా వెతికింది.

"అక్కా, ఒక్కటీ న్యూ లేదు" అంది మాల. "ఎవ్రీథింగ్ ఆల్సో షీ వేర్ ఆల్రెడీ."

పండగ సెలవు, ఏ షాపూ అప్పటికి తెరవదు. నేను కిందికి దిగి టాక్సీ ఎక్కాను. దారంతా ఆవిణ్ణి తిట్టుకున్నాను. ఒక్కటంటే ఒక్కటి దాచుకోకూడదా, ఇంత మొండితనమా అని. చోవా చూ కాంగ్‌లో దుప్పట్ల కింద నుంచి చీర లాగి, అదే టాక్సీలో వెనక్కి వచ్చాను. మడతలు విప్పుతుంటే గట్టిగా, బిరుసుగా ఉంది. ఆరేళ్ళ మడత కుచ్చిళ్ళలో సరిగ్గా నిలవలేదు. నేనూ మాలా కలిసి కట్టాం. అప్పుడు ఏడ్చాను. దుఃఖం ఎంతో, సిగ్గు అంత.

పాసిర్ రిస్ ఇంటి గృహప్రవేశానికి రెండు రోజుల ముందు కొన్న మామూలు నేత చీర కట్టుకున్నాను. ఇప్పుడు ఏది కొన్నా వారం తిరిగేలోపు వేసుకుంటాను. మా ఆయన నవ్వుతాడు, కూరగాయలకు పట్టుచీరేమిటని మా అమ్మ ఫోనులో సణుగుతుంది. కొన్నిసార్లు నాకూ విసుగే, బతికున్నప్పుడు పెట్టిన నస చాలక ఇంకా నా బీరువా మీద ఈవిడ పెత్తనమేమిటని. ఆ వంగపండు రంగు చీర నా మీద ఎలా ఉండేదో నాకు తెలియదు. ఆవిడ మీద చాలా బాగుంది.