సైరన్ మోగితే ఆరుబయటికి

గల్ఫ్‌లో ఒక ఎయిర్‌పోర్టులో లగేజీ ఎత్తే పనిలో ఉండగా, ఒక మధ్యాహ్నం నా ఎడమ చెవి వినడం మానేసింది. ఆ రోజు మా మీద మిసైల్ పడింది. అక్కడ సూట్‌కేసులు, పసిపిల్లల బండ్లు తప్ప ఏ ఆయుధమూ లేదు.

మాది మణుగూరు దగ్గర బొగ్గుగని పక్క ఊరు. ఆ ఓపెన్‌కాస్ట్ గనిలో పేలుళ్ళకు ముందు సైరన్ మోగితే, ఇంటికప్పు రేకులు మీద పడతాయని ఇళ్ళలోంచి ఆరుబయటికి వచ్చేస్తాం. చిన్నప్పటి నుంచి అదే అలవాటు. ఎయిర్‌పోర్టులో సైరన్ మోగగానే నా కాళ్ళు అదే పని చేశాయి. నాతో పనిచేసే దుమ్ముగూడెం కుర్రాడు ముత్తయ్యను కూడా "బయటికి రారా, జల్దీ!" అని చెయ్యి పట్టి లాక్కొచ్చాను. లోపల లగేజీ బెల్టు వెనక నక్కినవాళ్ళకు గీత కూడా పడలేదు. ముత్తయ్యకు మోకాలి కింద కాలు పోయింది. యుద్ధం చేసుకునే దేశాలు రెండూ మావి కావు. ఆంబోతుల కొట్లాటలో లేగల కాళ్ళు విరిగాయి.

చెవిలో ఒకటే కీచుమనే మోత. అదే తగ్గుతుందిలే అనుకున్నాను. విమానాలు ఆగిపోయి ఇల్లు చేరేసరికి నెల దాటింది. ఖమ్మంలో ఈఎన్‌టీ డాక్టరు ఆడియోమెట్రీ చేయించి, "నర్వ్ దెబ్బతింది. మొదట్లోనే వచ్చుంటే స్టెరాయిడ్స్ ఇచ్చి చూసేవాళ్ళం. ఇంత లేటా?" అని కోప్పడ్డారు. మిసైల్ అపాయింట్‌మెంట్ తీసుకుని పడుతుందా! ఒళ్ళు మండింది.

నిద్ర పట్టడం మానేసింది. తలుపు గట్టిగా పడితే వణికేవాడిని. నా భార్య సరోజన సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళింది. "పీటీఎస్‌డీ. ప్రమాదం తాలూకు భయం మనసులో ఉండిపోయే జబ్బు" అన్నారు ఆ డాక్టరమ్మ. మాత్రలతో కుదుటపడ్డాను. బాగైపోయానని మానేసి మళ్ళీ మొదటికొచ్చాను. రెండోసారి వెళ్ళినప్పుడు ముత్తయ్య సంగతి చెప్పి ఏడ్చాను.

"ఇది నాకు కాదు, అతనికి చెప్పాలి" అన్నారు డాక్టరమ్మ.

గోదావరి అవతలే దుమ్ముగూడెం. అక్కడికి పోవడానికి నాకు ఏడు నెలలు పట్టింది. ముత్తయ్య వాకిట్లో కుర్చీలో ఉన్నాడు.

"తప్పు నాదే తమ్మీ. లోపలుంటే నీ కాలు ఉండేది."

"అవ్, తెల్సు. లోపలున్నోళ్ళు ఫోన్ల చెప్పిన్రు. గది చెప్పనీకి ఇన్ని నెలలా అన్నా? నన్ను చూడ దవాఖానకన్న రాలే నువ్వు."

మన్నించమంటే తల తిప్పుకున్నాడు.

ఇప్పుడు మాత్రలతో నిద్ర పడుతోంది. హియరింగ్ ఎయిడ్ వాడుతున్నాను. నెలకోసారి దుమ్ముగూడెం పోతాను. ముత్తయ్య ఇంకా సరిగా మాట్లాడడు. పెద్ద శబ్దం తర్వాత చెవి మోగితే మర్నాడే డాక్టరుకు చూపించుకోండి, దానంతటదే తగ్గుతుందని కూర్చోకండి. నేను డాక్టరు దగ్గరికీ, ముత్తయ్య దగ్గరికీ ఆలస్యంగానే వెళ్ళాను.