గీత సరిచేసి వెళ్లిన మేడం

మా మేడం ఇక లేరన్న కబురు నాకు కోదాడ బస్టాండులో తెలిసింది. అప్పుడే సూర్యాపేట బస్సెక్కి కూర్చున్నాను. మిర్యాలగూడ నుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేసి "అక్క పోయింది" అన్నాడు, అంతే. ఆ బస్సు దిగి మిర్యాలగూడ బస్సెక్కాను. ఆడవాళ్ల ఉచిత టికెట్టు కోసం కండక్టర్ ఆధార్ కార్డు అడుగుతున్నా నాకు వినపడలేదు. పక్కామె తట్టి చెప్పింది.

సూర్యాపేటలో ఒక మెడికల్ షాపు మీద, కిరాయి గదిలో మా సర్వే ఆఫీసు. ఉపగ్రహాలు తీసిన చిత్రాలు చూసి చెరువులకు, కాలువలకు హద్దులు గీయడం, డ్రోన్‌కు లైడార్ కట్టి నేల ఎత్తుపల్లాలు కొలవడం మా పని. లైడార్ అంటే మరేం లేదు. పైనుంచి లేజర్ వెలుగు వదిలితే అది నేలను తాకి తిరిగొస్తుంది, ఎంతసేపట్లో వచ్చిందో చూసి ఎత్తు లెక్క కడతాం. వయసులో ఉండగా మేడం సముద్రతీరాల కోత కొలిచారట. తర్వాత సొంత ప్రాంతపు చెరువుల మీదికి మనసు మళ్లి ఇటు వచ్చేశారు. నేను ఏ పటం గీసి చూపించినా ఆమెది ఒకటే ప్రశ్న: "తొక్కి వచ్చినవా?" ఆ చోటికి వెళ్లి, నడిచి చూసి వచ్చావా అని. "ఇంకా లేదండి" అంటే, "మీ కోదాడోళ్లు అండి అండి అనుకుంటనే పని ఎగ్గొడతరు" అని నవ్వేవారు. నాకు ఒళ్లు మండేది. అయినా మర్నాడు ఎండలో పడి వెళ్లి వచ్చేదాన్ని.

కారులో మిర్యాలగూడ దాటేటప్పుడు మిల్లుల ఊక బూడిద కళ్లలో పడేది. అద్దం ఎత్తండి మేడం అంటే ఎత్తేవారు కాదు. "మా ఊరి గాలి, జర ఓర్సుకో" అనేవారు. ఇంటి నుంచి తెచ్చిన పులిహోర నాకూ డ్రైవర్‌కూ పెట్టేసి తాను మజ్జిగతో సరిపెట్టుకునేవారు. తిన్నావా అని అడిగే పైఅధికారి ఎంతమందికి దొరుకుతారు? నాకు దొరికారు.

పోయిన ఎండాకాలం, పాలకీడు వైపు ఒక చెరువుకు హద్దురాళ్లు పాతబోతున్నారని తెలిసి మేడం పాత పటం తెరిచారు. కొన్నేళ్ల కింద ఆ గీత గీసింది ఆమే. చూసి చూసి తల పట్టుకున్నారు. అప్పటి ఉపగ్రహ చిత్రం నాట్ల కాలంలో తీసింది. దమ్ము చేసి నీళ్లు పెట్టిన మడి పైనుంచి అచ్చం చెరువులాగే కనిపిస్తుంది. అలా చెరువును ఆనుకున్న ఒక ముసలమ్మ మడి కాస్తా గీత లోపలికి పోయింది. రాళ్లు పడితే ఆమెకున్న ఆ ఒక్క మడీ చెరువుదైపోతుంది.

"గీత నాదే, తప్పూ నాదే. సరిచేసుడు ఇంకొకరి పని ఎట్లయితది?" అన్నారు.

ఆమె గుండెకు స్టెంట్ వేసి ఎన్నో రోజులు కాలేదు. ఎండలోకి పోవద్దని దవాఖానలో గట్టిగానే చెప్పారు. ఆ మాట గుర్తుచేస్తే, "చెరువు ఎండినప్పుడే కొలవాలె. లేజర్ వెలుగును నీళ్లు మింగుతయి, అడుగు కనబడదు. వాన పడ్డదంటే మళ్లా ఎండాకాలం దాక ఆగాలె. రాళ్లు ఆగుతయా?" అన్నారు.

ఆ ఊరికి వెళ్లి ముసలమ్మ ఎదుట కూర్చుని ఆమే చెప్పారు: "అవ్వా, నీ మడిని చెరువుల కలిపింది నేనే. పైనుంచి సూసి నీళ్లనుకున్న."

అవ్వ కాసేపు ఆకాశం వంక చూసింది. "గంత పైకెల్లి సూసినవ్ గదా బిడ్డా. నేను గాడనే వంగి నాటేస్తుంటి. నేను కనబడలేదా?"

"కనబడలె అవ్వా" అన్నారు మేడం.

ఇంతలో మబ్బు పట్టింది. "ఇయ్యాల రాకుంటే బాగుండు" అన్నారు మేడం. అవ్వ విరుచుకుపడింది. "వాన రావద్దని మొక్కేదాన్ని నిన్నొక్కదాన్నే సూసిన!"

"నీ మడి కోసమే అవ్వా. ఒక్క రోజు ఓర్వు."

"అయితే ఒక్క రోజే" అంది అవ్వ, వాన తన చేతిలో ఉన్నట్టు. మేడం పగలబడి నవ్వడం నేను చూసింది ఆ రోజే.

డ్రోన్ ఎగరేసే ముందు అడిగాను, మడి నిజంగానే చెరువులోదని తేలితే ఏం చేస్తారని. "తేలితే గదే చెప్త" అన్నారు. లెక్క తేలింది. చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే అలుగు ఎత్తుకన్నా మడి పైనే ఉంది, కింది మూల తప్ప. ఆ మూల మాత్రం చెరువుదేనని అవ్వకు మేడమే చెప్పారు. రాళ్లు కొత్త గీత మీదే పడ్డాయి. "నీళ్లొచ్చినంక పోయి సూద్దాం, గీత నిలుస్తదో లేదో" అన్నారు నాతో. నీళ్లు రాకముందే వెళ్లిపోయారు. ఇంకొక్క నెల ఆగలేకపోయారా అని నాకు ఆమె మీద కోపం కూడా వచ్చింది.

మొన్న సాగర్ కాలువకు నీళ్లు వదిలారు, పెద్ద వానా పడింది. ఆ చెరువు అలుగు పారుతోందని విని ఒక్కదాన్నే వెళ్లాను. నీళ్లు కింది మూలను కప్పేసి, రాళ్ల వెంబడి కొత్తగా వేసిన మడి గట్టు దాకా వచ్చి ఆగాయి. గట్టుకు అవతల అవ్వ నాటేస్తోంది. నన్ను చూసి నడుం ఎత్తింది.

"నీళ్లు గాడనే ఆగినయి, సూసినవా బిడ్డా! మేడమేది, కారుల కూసున్నదా? పిలువు, సూపిస్త."

చెప్పక తప్పలేదు.

అవ్వ నారుకట్ట చేతిలో అలాగే పట్టుకుని వచ్చి, గట్టు మీద నా పక్కన కూర్చుంది. కాళ్లు చెరువులోకి దించింది. కాళ్లకంటిన మడి బురద మెల్లగా నీళ్లలో కరిగిపోతుంటే ఇద్దరం చూస్తూ ఉండిపోయాం.