జుల్మా తీసిన వాయి

మా దురాస్నో ఊళ్లో వీధివాళ్లను ఎవరిని అడిగినా, ఐసు నీళ్లలో గంజాయి పూత నుంచి హషీష్ జిగురు తీయడంలో నెరీని మించినవాడు లేడంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండిపోతుంది. మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య పిట్టగోడే అడ్డం. పోయినేటి దాకా నెరీ ఆ నీళ్లలో వేలు పెట్టగా నేను చూడలేదు. తీసేది వాళ్లక్క జుల్మా.

జుల్మా వయసంతా ఆసుపత్రి దుప్పట్లు ఉతకడంలోనే గడిచింది. చివరికి మిగిలింది కీళ్లవాతం. కాస్త నొప్పి తగ్గుతుందని పెరట్లో గంజాయి మొక్కలు పెట్టుకుంది. మా దేశంలో గంజాయి పెంచుకోవచ్చు గానీ సర్కారువాళ్లు ఇంటికొకరి పేరే నమోదు చేస్తారు కనుక, మగవాడు కదా అని తమ్ముడి పేరు రాయించింది. అక్కడే పప్పులో కాలేసింది.

పూత కోశాక ఐసు బకెట్లో వేసి చెక్క గరిటెతో మెల్లగా తిప్పుతుంది. తొందరపడితే ఆకు చితికి పచ్చదనం దిగుతుంది. రాలిన జిగురును జల్లెడ సంచుల్లో పట్టి ఆరబెడుతుంది. ఆ తడి సంచులు ఎత్తేటప్పుడు ఆమె వేళ్లు కొయ్యబారిపోతాయి. అయినా పని ఎవరికీ అప్పగించదు.

పోయినేడు ఒక్క వాయి తీసేసరికే వేళ్లు ముడుచుకోవడం మానేశాయి. కూలబడిపోయింది. రెండో వాయి నెరీ అందుకుని, రంగులు కలిపే డ్రిల్లు పెట్టి గిరగిరా తిప్పేశాడు.

"ఒరేయ్, ఆకంతా పిండి చేసేస్తున్నావురా!"

"నీ చాదస్తం నీదే అక్కా. మాతే టీ చల్లారిపోతోంది, తాగు ముందు."

జిగురు ఆరాక వచ్చిన ఆదివారం, మా వీధి గంజాయి పెంపకందార్లమంతా మాలో ఒకడైన వాల్తేర్ పెరట్లో చేరాం. మాంసం కాల్చుకు తిన్నాక, ఎవరి వాయిలు వాళ్లు బల్ల మీద పెట్టి పోల్చుకుంటాం. సీసా మీద నమోదైన పేరే రాయాలి, అది మా ఆనవాయితీ. జుల్మా తీసింది ఇసుక రంగులో ఉంది. నిప్పు తగలగానే బుడగలు లేచి, మసి మిగలకుండా కరిగిపోయింది. నెరీది గడ్డిపచ్చ. చిటపటలాడి బొగ్గయింది.

ఇసుక రంగు సీసా మీద నెరీ పేరుంది. ఇన్నేళ్లలో మొదటిసారి ఒక సీసా మీద జుల్మా పేరు చూశాను. పచ్చదాని మీద!

"పోన్లే జుల్మక్కా, వచ్చే ఏడు తమ్ముడి దగ్గర నేర్చుకో," అన్నాడు వాల్తేర్. అందరూ నవ్వారు. సిగ్గులేని నెరీ కూడా నవ్వాడు.

నేనిక ఆగలేకపోయాను. "ఆ పచ్చగడ్డి నీదే కదరా! డ్రిల్లు పెట్టి తిప్పావు, గోడ మీంచి చూశాను!"

"స్నేహితురాలు కదా, అలాగే అంటుందిలే," అన్నారెవరో.

జుల్మా లేచింది. తన పేరున్న సీసా సంచిలో వేసుకుని ఇంటికి నడిచింది.

ఈ ఏడు పూత కోశారు. నెరీ బకెట్ నిండా ఐసు పోసి అక్క ముందు పెట్టాడు. ఆమె ఖాళీ సీసా, పెన్ను తమ్ముడి వైపు తోసింది.

"ముందు నా పేరు రాయి. తర్వాత కలుపుతా."

"నమోదు నా పేరున ఉంది కదక్కా!"

"పచ్చదాని మీద రాసినప్పుడు గుర్తు రాలేదా?"

ఐసంతా కరిగి నీళ్లయిపోయింది. నెరీ ఆ పెన్ను ముట్టుకోలేదు.