పర్మిషన్ తీసుకుని ఎగిరిన సుబ్బారావుగారు

2007లో ఢిల్లీ వసంత్ కుంజ్‌లోని ఒక స్లీప్ క్లినిక్‌లో కౌన్సెలర్‌గా పనిచేసేదాన్ని. మా దగ్గరికి వచ్చేవన్నీ దాదాపు గురక కేసులే. మొగుళ్ళ గురక మీద పెళ్ళాల ఫిర్యాదులు వినీ వినీ నా చెవులకు చిల్లులు పడ్డాయి.

ఆ ఎండాకాలం మధ్యాహ్నం వచ్చిన జంట గొడవ మాత్రం వేరు. సుబ్బారావుగారు ఏదో మినిస్ట్రీలో సెక్షన్ ఆఫీసర్, కాకినాడ మనిషి. ఆయన ముఖంలో నవ్వు వెతుక్కోవాలి. ఆయన భార్య సత్యవతిగారు కూర్చోకముందే మొదలుపెట్టారు.

“ఈయన నిద్రలో కేకలు పెడుతున్నారమ్మా. భయంతో కాదు, సంతోషంతో. దడుచుకుని చస్తున్నాను. హాల్లో దీవాన్ మీదకి మకాం మార్చేశాను.”

“కలలో ఉన్నానని నాకు తెలిసిపోతుంది మేడమ్,” అన్నారాయన తల దించుకుని. “కలే కదా, ఎగరొచ్చు అనుకుంటాను. కాళ్ళు నేల వదిలేసరికి ఆనందం పట్టలేక అరిచేస్తాను, మెలకువ వచ్చేస్తుంది. ఇంతవరకూ మా డాబా దాటింది లేదు.”

కల అని తెలిసి కనే కలను లూసిడ్ డ్రీమ్ అంటారు. అందులో ఉద్వేగం మరీ పొంగితే, అది భయమైనా ఆనందమైనా, మెలకువ వచ్చేయవచ్చు. కలలు తగ్గడానికి మాత్ర రాస్తానన్నారు మా డాక్టరుగారు. సుబ్బారావుగారి ముఖం మాడిపోయింది. ఆయనకు కలా ఉండాలి, భార్యా గదిలోకి తిరిగి రావాలి. పాపం, ఏది వదులుకోమంటాం?

“ఆనందం పొంగగానే ఎగరకండి. కలలోనే ఆగి, అరచేతులు రుద్దుకోండి. మనసు నెమ్మదిస్తుంది,” అని చెప్పి పంపాను.

కొన్ని వారాలకు ఇద్దరూ వచ్చారు. “చేతులు రుద్దుకున్నారా?” అని అడిగాను.

“మర్చిపోయాను మేడమ్. సరిగ్గా ఎగరబోతుంటే, పైవాళ్ళ పర్మిషన్ లేకుండా ఎలా అని బెంగ పట్టుకుంది. కలలోనే ఫైల్లో నోట్ పెట్టి, జాయింట్ సెక్రటరీగారి గది బయట బెంచీ మీద కూర్చున్నాను. ఫైలు కదిలేలోపు నా పొంగంతా చల్లారింది. లోపలినుంచి ‘ఠీక్ హై, జాయియే’, సరే వెళ్ళండి అన్నారు. కిటికీలోంచి నింపాదిగా బయల్దేరి యమున దాకా వెళ్ళొచ్చాను. ఒక్క కేక పెట్టలేదు.”

నాకు నవ్వాగలేదు. సత్యవతిగారు మాత్రం మూతి ముడిచారు. “మరి నన్ను తీసుకెళ్ళలేదేం?”

“నోట్‌లో నీ పేరు రాయడం మర్చిపోయాను సత్యా. మళ్ళీ పెడతానులే.”

అప్పటినుంచి ఇలాంటి కేసు వస్తే చేతులు రుద్దుకోమని తొందరపడి చెప్పను. రోజూ దేనికోసం ఓపిగ్గా ఎదురుచూస్తారో ముందు అడుగుతాను. ఆనందాన్ని చంపుకోనక్కర్లేదు, కాసేపు బెంచీ మీద కూర్చోబెడితే చాలని ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఆ తర్వాత ఒకసారి మార్కెట్‌లో సత్యవతిగారు కనిపించారు. నిద్ర పడుతోందా అని అడిగాను.

“దీవాన్ ఖాళీ చేసేశానమ్మా. ఇప్పుడు కేకల్లేవు, నిద్రలో చిన్నగా నవ్వుతున్నారు. అది చూస్తూ నేనే మేలుకుంటున్నాను.”