గుండుకు గంధం

నిన్న తిరుమలలో గుండు చేయించుకున్న మా ఆయన, ఈ రోజు పొద్దున్నే పలమనేరులో మా నాయన పొలం బావిలోకి దూకారు. ఈ చలిలో చాలాసేపు ఈదొచ్చి, "నాకు చలే లేదు" అంటూ లేని మీసం మెలేశారు. ఒళ్ళు తుడుచుకున్నాకే మొదలైంది అసలు వణుకు. నేను దుప్పటి తెచ్చేసరికి మా అమ్మ ఆయన గుండుకు గిన్నెడు గంధం పూసేస్తోంది.

"ఏం చేస్తా ఉండావమ్మా?"

"నిన్న పూసిన గంధమంతా బావిలోనే పోయినాది. గుండుకు సల్లగా ఉండొద్దా? సూడు, బాగుండాదని అల్లుడు ఎట్ల తలూపతా ఉండాడో!"

అది తలూపడం కాదు, వణుకు. ఆయన వద్దని చెబుదామన్నా పళ్ళు టకటకా కొట్టుకుంటూ మాట రానివ్వలేదు.

సాయంత్రానికి వణుకు తగ్గింది. అమ్మ మళ్ళీ గిన్నెతో వచ్చి, "ఇంకొంచెం పూసేదా?" అంది. మా ఆయన ఈసారి వణక్కుండానే తలూపారు.

అత్తగారికి వద్దని చెప్పగలిగిన అల్లుళ్ళు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి!