యాప్ తెరుచుకునేలోగా వెళ్ళిపోయిన ఫెర్రీ

మొన్న మా దీవుల్లోని బాంబూఫ్లాట్ జెట్టీలో నిలబడి ఫోన్ ముట్టుకోగానే ఫెర్రీ వేళలన్నీ తెర మీద పరుచుకున్నాయి. పక్కనున్న కాలేజీ పిల్ల తన ఫోన్లోనూ అదే చూసుకుంటూ, ఎంత స్లోగా ఉందో అని విసుక్కుంది. నాకు నవ్వాగలేదు. స్లో అంటే ఏమిటో మా మామగారిని అడగాలి.

సునామీ తరువాత మేము చాలాకాలం రేకుల షెల్టర్లో ఉన్నాం. ఆ షెల్టర్లు ఎరిగినవాళ్ళకి చెప్పనక్కర్లేదు, ఉన్నది ఒకటే గది, ఇంటినిండా జనం. భోజనాల వేళ మామగారు ఎక్కడ కూర్చుంటారో తేలితే గాని మరిది కూర్చోడు, మరిది ఎంత జరుగుతాడో తేలితే గాని తోటికోడలు పీట వెయ్యదు, ఆవిడ పిల్లలు ఎంతమేర ఆక్రమిస్తారో చూసుకుంటే గాని మామగారు కూర్చోరు. ఇలా ఒకరినొకరు అడుగుతూ, జరుగుతూ, మళ్ళీ లేచి సర్దుకుంటూ ఉండగానే చారు చల్లారిపోయేది. చివరికి మా అత్తగారు విసిగిపోయి, ముగ్గుపిండితో నేల మీద గళ్ళు గీసి, ఎవరి గడిలో వాళ్ళు కూర్చోండన్నారు. ఆ రోజు నుంచి వేడి చారన్నం తిన్నాం.

అంత చూసినదాన్ని, కొన్నేళ్ళకి డెలానీపూర్‌లో యాప్‌లు తయారుచేసే ఓ చిన్న ఆఫీసులో చేరి, ఫెర్రీ వేళలు చెప్పే యాప్ రాసేటప్పుడు మాత్రం ఆ గళ్ళు మరిచిపోయాను. ఒకసారి రాస్తే అన్ని రకాల ఫోన్లలోనూ నడవాలన్నారు కదా అని, తెర మీద దేనికీ కొలత పెట్టకుండా, చిన్న తెరైనా పెద్ద తెరైనా సర్దుకుపొమ్మని వదిలేశాను. తెర మీది ప్రతి భాగాన్నీ ఓ పెట్టె అనుకోండి, పెట్టెలో పెట్టె, అందులో ఇంకో పెట్టె. పై పెట్టె నీకెంత చోటు కావాలని లోపలిదాన్ని అడుగుతుంది, అది తన లోపలిదాన్ని అడుగుతుంది, జవాబు పైకి చేరేసరికి ఎవరో కాస్త జరగాల్సివచ్చి మళ్ళీ మొదటినుంచి అడుగుతాయి. ఆఫీసులోని కొత్త ఫోన్లో ఈ మర్యాదలన్నీ చిటికెలో అయిపోయేవి.

ఆ యాప్ తీసుకోవాలో వద్దో తేల్చడానికి ఫెర్రీలు నడిపే శాఖ అధికారులు మా ఆఫీసుకి వస్తామన్నారు. వాళ్ళు కాదంటే ఆఫీసు మూసేస్తానని మా యజమాని ముందే చెప్పేశాడు. పెద్దవాళ్ళు కూడా సులువుగా వాడగలరని చూపించడానికి నేను మామగారిని, ఆయన పాత ఫోనుతో సహా ఫెర్రీ దాటి ఆఫీసుకి రమ్మన్నాను. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, ముందుగానే బాంబూఫ్లాట్ జెట్టీకి వెళ్ళి యాప్ తెరిచారు. చూపు ఆనక అక్షరాలను వీలైనంత పెద్దవి చేసుకున్న ఫోన్ అది. ఆ అక్షరాలకి చోటు చాలక నా పెట్టెలన్నీ ఒకదాన్నొకటి అడుగుతూ కూర్చున్నాయి. ఎదురుగా ఫెర్రీ హారన్ కొడుతోంది. టికెట్ల అతను చలో అంకుల్, ఛూట్ జాయేగా, ఫెర్రీ తప్పిపోతుంది అని కేకలేస్తున్నాడట. ఈయన కదిలితేగా.

"ఆగు భయ్యా, మా కోడలి యాప్ ఇంకా చెప్పలేదు."

ఫెర్రీ వెళ్ళిపోయింది. అది నడిసముద్రంలో ఉండగా యాప్ తెరుచుకుని, ఆ ఫెర్రీ జెట్టీలో సిద్ధంగా ఉందని చూపించింది.

ఆయన తరువాతి ఫెర్రీలో వచ్చేసరికి అధికారులు లేవబోతున్నారు. ఆలస్యం ఎందుకైందని వాళ్ళలో పెద్దాయన అడిగితే, మామగారు ఒకసారి నా వైపు చూసి, ఫోన్ జేబులో పెట్టేసుకున్నారు.

"యాప్ ఏక్‌దమ్ బాగుంది సాబ్. ఆ ఫెర్రీయే తొందరపడిపోయింది."

గదంతా నవ్వింది. నాకు మాత్రం కళ్ళనీళ్ళు తిరిగాయి. పెద్దాయన నవ్వుతూనే, ఆ తొందర సంగతేదో చూసుకుని రమ్మని మాకు ఇంకో వారం గడువిచ్చాడు.

ఇంటికొచ్చి అన్నాలు వడ్డిస్తుంటే అత్తగారి గళ్ళు గుర్తొచ్చాయి. మర్నాడే లోపలి పెట్టెలు చాలావరకు తీసిపారేశాను. అక్షరాల సైజు చూసుకుని ప్రతి వరుసకీ ఎత్తు ముందే తేల్చేశాను, తెర మీద కనిపించే వరుసలు తప్ప మిగతావి గీయొద్దన్నాను. మామగారి ఫోన్లోనే పెట్టి చూశాం. వెంటనే తెరుచుకుంది. ఇక ఫెర్రీ కూడా బుద్ధిగా ఉంటుందిలే అన్నారాయన. అధికారులు యాప్ తీసుకున్నారు, మా ఆఫీసు నిలిచింది.

ఇప్పటి ఫోన్లు ఎన్ని పెట్టెలు పెట్టినా భరిస్తాయి. మా ఇంట్లో ఎవరి గది వాళ్ళది, ఎవరి భోజనం వాళ్ళ వేళకి, కాస్త జరగమని ఎవరూ ఎవరినీ అడగరు. మామగారు పోయి కొన్నేళ్ళయింది. మొన్న యాప్ చూసుకుని అందరికన్నా ముందే ఫెర్రీ ఎక్కి కూర్చున్నాను. హారన్ కొట్టగానే అలవాటుగా జెట్టీ వైపు చూశాను. ఫెర్రీ కళ్ళెదుటే ఉన్నా, నా యాప్ చెప్పేదాకా ఎక్కనని నిలబడే మనిషి అక్కడ లేరు.